కజ్జికాయ అంచు ఎందుకు విడిపోతుంది

మూకుట్లో కజ్జికాయ పగిలితే తిట్లన్నీ నూనెకో, వేయించే మనిషికో పడతాయి. కానీ అది పగలడానికి కారణం గంట ముందే తయారై ఉంటుంది: పిండి కలిపిన పళ్ళెంలోనో, లౌజు (కొబ్బరి కోరు, బెల్లం కలిపి ఉడికించిన ముద్ద) దించిన గిన్నెలోనో, అంచు నొక్కిన వేళ్ళ దగ్గరో. పోనీ ఒక్కటే కదా అనుకోవడానికీ లేదు. లోపలి పంచదార నూనె అడుగుకి దిగి మాడుతుంది. ఆ నల్ల నలుసులు తర్వాత వేసిన ప్రతి వాయికీ అంటుకుంటాయి, చేదెక్కిస్తాయి. యాభై కజ్జికాయల పని ఒక్క అంచు మీద నిలబడి ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఏ దశ గురించి రాసినా చివరికి ఆ అంచు దగ్గరికే వస్తాను.

కోస్తాలో కజ్జికాయలు, రాయలసీమలో చాలా ఇళ్ళలో కర్జికాయలు, తెలంగాణలో గరిజెలు. కన్నడిగుల కర్జికాయి, మరాఠీవాళ్ళ కరంజి, తమిళుల సోమాసి, ఉత్తరాదిన హోళీకి చేసే గుజియా, అన్నీ ఒక్క కుటుంబమే. దీపావళికీ చేస్తారు, ఆడపిల్ల సారెలోనూ పెడతారు. అసలు హడావిడి మాత్రం సంక్రాంతిదే. ధనుర్మాసం చివరి వారంలో అరిసెలు, జంతికలు, సున్నుండలతో పాటు ఇవీ డబ్బాల్లోకి ఎక్కాలి. అరిసెల పాకం తెలిసిన పెద్దావిడ ఒక్కరుంటే చాలు. జంతికల గొట్టం తిప్పడానికి ఇద్దరు చాలు. కజ్జికాయలకి మాత్రం నలుగురు కావాలి: ఒకరు ఒత్తాలి, ఒకరు లోపలిది పెట్టాలి, ఒకరు అంచు అల్లాలి, ఒకరు పొయ్యి దగ్గర ఉండాలి. ఇల్లంతా చాప మీద కూర్చునే పిండివంట ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఇంకొక సంగతి. పండగ వంట కాబట్టి నైవేద్యం పెట్టేదాకా ఎవరూ ఎంగిలి చేయరు. తీపి సరిపోయిందా లేదా అని నోట్లో వేసుకుని చూసే వీల్లేదు. అందుకే కింద కొలతలన్నీ గ్రాముల్లో ఇస్తున్నాను. గ్లాసులతో కొలిస్తే బెల్లం తురుముకీ ముక్కకీ తేడా వచ్చేస్తుంది. చిన్న తూకం యంత్రం దగ్గర పెట్టుకోండి.

లోపల పెట్టేది

నిలవ ఉండాలంటే పుట్నాల పొడి. రుచి కావాలంటే కొబ్బరి లౌజు. రెండూ ఒకేదాంట్లో దొరకవు. పండక్కి నాలుగు రోజుల ముందు చేసేవి, ఊళ్ళకి పంపేవి పుట్నాలతో చేసి, భోగి నాడో ముందురోజో ఓ పాతిక లౌజుతో చేసుకోవడం మంచి పద్ధతి.

యాభై కజ్జికాయలకి పుట్నాల పప్పు 250 గ్రాములు, ఎండుకొబ్బరి 150, పంచదార 250, నువ్వులు 50, యాలకులు పది, నెయ్యి రెండు టీ చెంచాలు. అంతా కలిపి దగ్గర దగ్గర 700 గ్రాములవుతుంది, ఒక్కోదాంట్లో 14 గ్రాములు పడుతుంది. పుట్నాలు ముందే వేగినవే అయినా సన్నసెగ మీద రెండు మూడు నిమిషాలు వేడి చేయాలి. కొట్లో డబ్బా తెరిచి ఉంచిన పుట్నాలకి చెమ్మ పట్టి ఉంటుంది, పొడి కొడితే ముద్దవుతుంది. నువ్వులు చిటపటలాడేదాకా వేయించాలి. ఎండుకొబ్బరి తురిమి, రంగు మారకుండా వేడెక్కేదాకా తిప్పి దించాలి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. వేడి మీదే అన్నీ మిక్సీలో వేసి పంచదార కూడా పోసేస్తారు. వేడికి కొబ్బరి నూనె వదులుతుంది, పంచదార దాన్ని పట్టుకుని గిన్నె గోడలకి అట్ట కడుతుంది. పూర్తిగా చల్లారనివ్వండి. యాలకులు పంచదారతో కలిపి కొట్టండి, అప్పుడే మెత్తగా నలుగుతాయి. పుట్నాలు విడిగా, కాస్త బరకగా కొట్టండి. మరీ మెత్తటి పిండి అయితే తినేటప్పుడు అంగిట్లో అతుక్కుంటుంది, దగ్గు తెప్పిస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ మెత్తటి దుమ్ము లేచి అంచు మీద వాలుతుంది. పొడి పట్టిన అంచు ఎంత నొక్కినా అతకదు. నూనెలో పడగానే సరిగ్గా అక్కడే నోరు తెరుస్తుంది.

ఆ రెండు చెంచాల నెయ్యి అందుకే. అన్నీ కలిపాక కరిగిన నెయ్యి వేసి వేళ్ళతో పులిమితే పొడి బరువెక్కుతుంది. పిడికిట్లో బిగిస్తే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఆ పదునొస్తే చెంచాతో పెట్టినప్పుడు కుప్పగా కూర్చుంటుంది, అంచుకి పారిపోదు. కొందరు పుట్నాల్లో మూడో వంతు తగ్గించి ఆ మేరకు దోరగా వేయించిన ఉప్మా రవ్వ వేస్తారు. దానివల్ల పొడి తేలికవుతుంది, నోటికి అతుక్కోదు. అయితే రవ్వ పచ్చివాసన పోయేదాకా వేగకపోతే ఇసకలా తగులుతుంది.

ఇప్పుడు లౌజు. మధ్యరకం కొబ్బరికాయలు రెండు కోరితే సుమారు 350 గ్రాముల కోరు వస్తుంది. దానికి 250 గ్రాముల బెల్లం, రెండు టీ చెంచాల నెయ్యి, ఎనిమిది యాలకులు. ఇది ముప్పై అయిదు నుంచి నలభై కజ్జికాయలకి సరిపోతుంది. కోరాంతో కోరినదే మంచిది, తునక సన్నగా ఒకేలా ఉంటుంది. మిక్సీలో వేస్తే కొంత ముద్దగా, కొంత పలుకులుగా వస్తుంది. పలుకులు పల్చటి పూరీని చీలుస్తాయి. చిప్ప అడుగునున్న గోధుమరంగు పొర దాకా గీకకండి, పీచు తగులుతుంది.

బెల్లం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సంక్రాంతి అంటే చెరకు గానుగలు ఆడే కాలం. అనకాపల్లి వైపు నుంచి వచ్చేదైనా ఇంకెక్కడిదైనా, ఈ రోజుల్లో దొరికేది కొత్త బెల్లం. కమ్మగా ఉంటుంది కానీ మెత్తగా, తడిగా ఉంటుంది. దీపావళికి పాత బెల్లంతో పదినిమిషాల్లో దగ్గరపడిన లౌజు, సంక్రాంతికి కొత్త బెల్లంతో పదిహేను నిమిషాలు తీసుకుంటుంది. ప్రతిసారీ ఇంతే సమయం అని గడియారం చూసి దించేవాళ్ళకి పండక్కి కజ్జికాయలు పగలడానికి ఇదో పెద్ద కారణం. గడియారాన్ని కాదు, మూకుడిని చూడాలి. బెల్లాన్ని రెండు పెద్ద చెంచాల నీళ్ళతో కరిగించి, ఇసక లేకుండా వడకట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి కోరు వేయండి. మొదట పల్చబడుతుంది, తర్వాత బుడగలు చిక్కబడతాయి, ఆపైన గరిటె తిప్పితే ముద్దంతా కలిసి అడుగుని వదిలి వెంట వస్తుంది. అప్పుడు కొంచెం తీసి చల్లార్చి ఉండ చేసి చూడాలి. వేలికి తడి అంటకుండా ఉండ కడితే అదే పదును. నెయ్యి, యాలకుల పొడి వేసి దించేయాలి.

ఇంకా రెండు నిమిషాలు ఉంచుదాం, గట్టిగా ఉంటే మంచిదే కదా అనుకోవద్దు. మూకుట్లో మళ్ళీ ఏడెనిమిది నిమిషాల వేడి తగులుతుంది. ఇక్కడే ముదిరిన లౌజు అక్కడ రాయవుతుంది, చల్లారాక పళ్ళకి పని పెడుతుంది. పదును రాగానే దించి, మూడు పెద్ద చెంచాల పుట్నాల పొడో వేయించిన రవ్వో కలపండి. మిగిలిన చెమ్మని అది పీల్చుకుంటుంది.

చెమ్మ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 1.7 లీటర్ల చోటు కావాలి. ఒక గ్రాము అంటే టీ చెంచాలో అయిదో వంతు. కజ్జికాయ లోపలున్న ఖాళీ ఎంత? రెండు చెంచాలు కూడా ఉండదు. లౌజులో అంత నీరు మిగిలి, అది ఆవిరై బయటికి తోసుకొస్తే ఆగేది కాదు, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీల్చుకుని వస్తుంది. పచ్చి కొబ్బరి కోరులో పంచదార కలిపేసి ఉడికించకుండా పెట్టేవాళ్ళకి ఎప్పుడూ ఇదే జరుగుతుంది. పంచదార కోరులోని నీళ్ళన్నీ బయటికి లాగుతుంది, పావుగంటలో పూరీ కింద తడి మరక కనిపిస్తుంది.

కోవా పెట్టినవి రెండు రోజులకి మించి బయట ఉంచకూడదు కాబట్టి పండగ డబ్బాకి పనికిరావు.

పిండి

మైదా 500 గ్రాములు, ఉప్మా రవ్వ 50, కరిగించి వేడి చేసిన నెయ్యి 60, ఉప్పు చిటికెడు, నీళ్ళు 200 నుంచి 225 మిల్లీలీటర్లు. సన్నటి చిరోటి రవ్వ దొరికితే ఇంకా మంచిది. రవ్వ లేకపోయినా కజ్జికాయ అవుతుంది కానీ మర్నాటికి మెత్తబడుతుంది.

ముందు మైదా, రవ్వ, ఉప్పు కలిపి, మధ్యలో గుంట చేసి వేడి నెయ్యి పోయండి. చెంచాతో కలిపి, చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే రెండు అరచేతుల మధ్య పిండిని రుద్దండి. ప్రతి రేణువుకీ నెయ్యి పట్టాలి. నెయ్యి పట్టిన పిండిలో నీళ్ళు పోసినా జిగురు ఎక్కువ సాగదు, అందుకే పైపెంకు గుల్లగా వస్తుంది. గుప్పెడు తీసి బిగిస్తే వేళ్ళ గుర్తులతో ముద్ద నిలబడాలి. నిలబడకుండా రాలిపోతే ఇంకో చెంచా వెయ్యండి. అంతకు మించి వద్దు. గుల్లగా రావాలని నెయ్యి రెట్టింపు చేసేవాళ్ళున్నారు. అలా చేస్తే పిండికి అతుక్కునే గుణం పోతుంది, అంచు నొక్కిన చోట గీత మిగులుతుంది, నూనెలో పొరలు పొరలుగా రాలుతుంది. నెయ్యి తక్కువైతే గట్టి పెంకు, ఎక్కువైతే విడిపోయే అంచు. 500 గ్రాములకి 60 అనేది ఆ రెంటికీ మధ్య కుదిరే లెక్క.

నీళ్ళు మామూలువే, కొంచెం కొంచెంగా పోయాలి. పూరీ పిండి కంటే ఒక పిసరు గట్టిగా ఉండాలి, చపాతీ పిండి మెత్తదనం వస్తే తప్పినట్టే. మెత్తటి పిండి ఒత్తడానికి హాయిగా ఉంటుంది కానీ పూరీలో నీరెక్కువై వేగేటప్పుడు పైన పొక్కులు వస్తాయి. పూరీ సాగి మధ్యలో పల్చబడుతుంది. కలిపిన పిండిని ఎక్కువసేపు మర్దించకుండా తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. ఈలోగా రవ్వ నాని, పిండి దానంతట అదే మెత్తబడుతుంది. నాననివ్వకుండా ఒత్తితే ప్రతి పూరీ వెనక్కి ముడుచుకుంటుంది. అదే గంటన్నర దాటితే చలికాలంలో నెయ్యి పేరుకుని పిండి బిరుసెక్కుతుంది. అప్పుడు నీళ్ళు చల్లకండి, రెండు నిమిషాలు చేత్తో మళ్ళీ పిసికితే చాలు.

గోధుమపిండితో చేసేవాళ్ళు నీళ్ళు 30, 40 మిల్లీలీటర్లు ఎక్కువ పోసి, ముప్పావుగంట నాననివ్వాలి. రుచి వేరు, బాగానే ఉంటుంది. గుల్లతనం మాత్రం మైదాతో వచ్చినంత రాదు.

ఒత్తడం, నింపడం, అల్లడం

పిండిని 16 గ్రాముల ఉండలు చేయండి, పెద్ద ఉసిరికాయంత. యాభై వస్తాయి. అన్నీ ఒకేసారి చేసి తడిగుడ్డ కింద ఉంచాలి. పదేళ్ళ పిల్లలకి అప్పగించదగిన పని ఇదే. తూకం మీద ఒక్కొక్కటి పెట్టి సరిచేయడం వాళ్ళకి ఆటగా ఉంటుంది, మనకి కజ్జికాయలన్నీ ఒకే సైజుకి వస్తాయి. సైజు తేడా ఉంటే ఒకే వాయిలో ఒకటి మాడి ఒకటి పచ్చిగా మిగులుతుంది.

పొడిపిండి చల్లి ఒత్తకూడదు. ఆ పిండి అంచు మధ్య చేరి అతకనివ్వదు, పైనున్నది నూనెలో రాలి మాడుతుంది. పీటకి ఒక చుక్క నూనె రాస్తే చాలు. పది సెంటీమీటర్ల పూరీ, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. చుట్టూ అంచు కాస్త పల్చగా, మధ్యలో కాస్త మందంగా ఉండాలి. మడిచినప్పుడు అంచు దగ్గర రెండు పొరలవుతాయి, అల్లితే నాలుగవుతాయి. అక్కడ మందంగా ఉంటే మెలిక పచ్చిగా ఉండిపోతుంది, నమిలితే సాగుతుంది. మధ్యలో పల్చగా ఉంటే లోపలిది కనిపిస్తుంది, అక్కడే చిల్లు పడుతుంది. కర్రని పూరీ మధ్యలో నొక్కకుండా అంచుల వైపు నడిపిస్తూ, పూరీని కొంచెం కొంచెం తిప్పుతుంటే ఆ ఆకారం వస్తుంది.

ఇప్పుడు ఎడమ అరచేతిలో పూరీ పెట్టుకోండి. ఒక పెద్ద చెంచా పొడి మధ్యకి కాక, మీకు దగ్గరగా ఉన్న సగంలో పెట్టి, అంచు నుంచి ఒక వేలి వెడల్పు జాగా పూర్తిగా వదిలేయండి. పొడి ముట్టుకున్న చెయ్యి అంచుని ముట్టకూడదు. ఇది పెట్టేవాళ్ళకీ అల్లేవాళ్ళకీ మధ్య ఒప్పందంలా ఉండాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తుంటే చెంచా వాడాలి, లేదంటే పక్కన తడిగుడ్డ పెట్టుకుని ప్రతిసారీ తుడుచుకోవాలి. వేలిని పాలలోనో నీళ్ళలోనో ముంచి, విదిలించి, సగం అంచు చుట్టూ ఒక్కసారి రాయండి. మెరవాలి కానీ జారకూడదు. నీళ్ళు ఎక్కువైతే రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి జారతాయి.

పై సగాన్ని మడిచేటప్పుడు గబుక్కున మూయకండి. ముందు కుప్ప మీదకి ఆనించి, చూపుడువేలి పక్కతో కుప్ప చుట్టూ నిమురుతూ గాలిని బయటికి పంపి, ఆ తర్వాత అంచు కలపాలి. లోపల చిక్కిన గాలి కూడా వేడికి ఉబ్బుతుంది. అంచు కలిపాక ఒక కొస నుంచి ఇంకో కొసకి గట్టిగా నొక్కుకుంటూ రండి.

మెలిక కుడి కొస నుంచి మొదలవుతుంది. కొసని బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టి చిన్న త్రికోణంలా లోపలికి మడిచి నొక్కండి. ఆ మడత పక్కన పుట్టే కొత్త మూలని మళ్ళీ ఏటవాలుగా దాని మీదకి మడవండి. బొటనవేలు నొక్కుతుంటే చూపుడువేలు తర్వాతి మూలని ముందుకి తోస్తూ ఉంటుంది. ఒక్కో మడత సెంటీమీటరు. పది సెంటీమీటర్ల పూరీకి పదిహేను మడతల దాకా వస్తాయి. చివరి కొసని కిందకి తిప్పి అతికించేయాలి, గాలికి వదిలితే అదే ముందు విప్పుకుంటుంది. మొదటి పది కజ్జికాయల మెలికలు వంకర టింకరగానే వస్తాయి. తర్వాత వేళ్ళకే తెలుస్తుంది. మెలిక అందం కోసం మాత్రమే కాదు. ఒట్టిగా నొక్కిన అంచులో అతుకు ఒక్కటే గీత. మెలికలో ఆ గీత మీద మడతలు పడుతూ పోతాయి, ఆవిరి తోసినా దారి దొరకదు.

అచ్చులో చేస్తే పని వేగంగా అవుతుంది, వందలు చేసేటప్పుడు అదే దిక్కు. అచ్చు పళ్ళకి నూనె రాసి, పూరీ పరిచి, పొడి కొంచెం తక్కువ పెట్టి, మూసి, రెండు చేతులతో నొక్కి, బయటికొచ్చిన పిండిని తీసేయాలి. అచ్చులో వచ్చే తప్పు ఎక్కువగా మూల దగ్గరే, కీలు ఉన్న వైపు. అక్కడ పళ్ళు సరిగా కలవవు. తీసిన ప్రతిదాన్నీ ఆ చోట వేళ్ళతో ఇంకోసారి నొక్కండి. పళ్ళున్న చక్రంతో అంచు కోసేవాళ్ళు కోసే ముందే గట్టిగా నొక్కాలి. చక్రం కోస్తుంది అంతే, అతికించదు.

చేసినవి పొడిగుడ్డ మీద పరిచి, పైన కొంచెం తడి చేసి గట్టిగా పిండిన గుడ్డ కప్పండి. లౌజువి ఇరవై నిమిషాలు, పొడివి అరగంటకి మించి ఆగకూడదు. అంచు ఎండి బీటలిస్తుంది, కింద వైపు చెమ్మకి పల్చబడుతుంది. అందుకే యాభై చేసి అప్పుడు పొయ్యి వెలిగించడం తప్పు. పది పన్నెండు తయారవగానే వేయించడం మొదలవ్వాలి. ఒక వాయికి ఏడెనిమిది నిమిషాలు, వాయికి ఏడు. అంటే నిమిషానికి ఒకటి చొప్పున అల్లేవాళ్ళ చేతిలోంచి వస్తే పొయ్యి ఖాళీగా ఉండదు, పళ్ళెం నిండిపోదు. యాభైకి దాదాపు గంట.

వేయించడం

మూకుట్లో లీటరు వేరుశనగ నూనె. సెగ మధ్యస్థం కంటే తక్కువ. పిండి పిసరు వేస్తే మూడు నాలుగు సెకన్లు అడుగున ఉండి, సన్నటి బుడగలతో నిదానంగా పైకి రావాలి. పడీ పడగానే తేలితే నూనె ఎక్కువ కాగినట్టు. థర్మామీటరు ఉంటే 150 నుంచి 160 డిగ్రీల సెల్సియస్. అంతకంటే కాగితే నిమిషంలో రంగు వస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది, చల్లారగానే మెత్తబడుతుంది. పెంకు లోపలి నీరు పోలేదు మరి. మరీ చల్లగా ఉంటే పిండిలోని నెయ్యి నూనెలోకి కరిగిపోయి అంచు వదులవుతుంది, కజ్జికాయ నూనె తాగుతుంది.

చిల్లుల గరిటె మీద పెట్టి ఒక్కొక్కటే జారవిడవండి. పై నుంచి పడేస్తే అంచు దెబ్బతింటుంది, నూనె చిందుతుంది. వేయగానే కదపకుండా, గరిటెతో పైన నూనె చిలకరిస్తూ ఉంటే పైభాగం కూడా బిగుసుకుంటుంది. రెండు నిమిషాలకి తిప్పండి. ఆ తర్వాత రెండు వైపులా మార్చుకుంటూ లేత బంగారు రంగు వచ్చేదాకా. రంగు కంటే బుడగలు నమ్మదగినవి. నూనెలో గలగల తగ్గి, కజ్జికాయ చుట్టూ బుడగలు దాదాపు ఆగితే పెంకులో తడి పోయినట్టు. తీశాక కూడా వేడికి ఒక ఛాయ ముదురుతుంది కాబట్టి కొంచెం ముందే తీయాలి.

ఆవిరి పోవడానికని పుల్లతో గుచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ చిల్లులోంచి ఆవిరితో పాటు కరిగిన బెల్లమూ వస్తుంది. గుచ్చకండి.

ఒకటి విడిపోవడం కంటపడగానే సెగ తగ్గించి దాన్ని తీసేయండి. ఆ వాయి అయ్యాక పొయ్యి ఆపి, నూనె కాస్త చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టి, మూకుడు అడుగు తుడిచి మళ్ళీ పెట్టండి. కొంత సమయం పోతుంది. పోనివ్వండి, మిగతా నలభై బాగుపడతాయి. వాయిలో రెండు మూడు వరుసగా విడిపోతుంటే తప్పు ఎక్కడుందో వెతకాలి. అంచు పొడవునా నోరు తెరిస్తే అక్కడ పొడి పడింది, లేదా అంచు ఎండింది. కడుపు దగ్గర చీలితే పూరీ మధ్యలో పల్చబడింది, లేదా లౌజు తడిగా ఉంది. కొసల దగ్గర విప్పుకుంటే చివరి మడత కిందకి తిప్పలేదు. తడి లౌజు అని తేలితే మిగిలినదాన్ని మళ్ళీ పొయ్యి మీద మూడు నిమిషాలు తిప్పి పూర్తిగా చల్లార్చి వాడండి. వేడి లౌజు పెడితే పూరీలోని నెయ్యి కరుగుతుంది, అది ఇంకో తప్పు.

దాచడం, పంపడం

వేగినవి జల్లెడ మీదో కాగితం మీదో ఒకదాని మీద ఒకటి పడకుండా నిలబెట్టండి. డబ్బాలో వేసేముందు రెండు గంటలు ఆగాలి. చేతికి గోరువెచ్చగా తగిలినా మూతకి చెమట పడుతుంది, తెల్లారేసరికి పెంకులు మెత్తబడతాయి. అలా మెత్తబడినవాటిని 150 డిగ్రీల ఓవెన్లో పది నిమిషాలు ఉంచి చల్లారిస్తే చాలావరకు తేరుకుంటాయి. పుట్నాలవి గాలి చొరని స్టీలు డబ్బాలో మూడు వారాలు నిలుస్తాయి. మొదట పాడయ్యేది లోపలి ఎండుకొబ్బరే, కనరు వాసన వస్తుంది. కొనేటప్పుడు చిప్ప విరిచి వాసన చూడండి, అప్పటికే కొంచెం వాసన ఉంటే తీసుకోవద్దు. లౌజువి చలికాలంలో నాలుగైదు రోజులు.

కూతురికో కొడుక్కో పార్సిల్ పంపేటప్పుడు పుట్నాలవే పంపాలి. పడుకోబెట్టి పేర్చితే కిందివి పైవాటి బరువుకి నలుగుతాయి. మెలిక పైకి వచ్చేలా పుస్తకాల్లా నిలబెట్టి, వరుసకీ వరుసకీ మధ్య కాగితం పెట్టి, డబ్బాలో ఖాళీ మిగలకుండా నింపండి. ఊపితే చప్పుడు రాకూడదు.

అమెరికాలోనో మరో చోటో ఉండి చేసుకునేవాళ్ళకి మూడు మాటలు. అక్కడి ఆల్ పర్పస్ పిండి సరిపోతుంది, బ్రెడ్ పిండి తీసుకోవద్దు, జిగురెక్కువై పూరీ ముడుచుకుంటుంది. ఫ్రీజర్లో దొరికే కొబ్బరి తురుముతో లౌజు చేస్తే దాన్ని కరగనిచ్చి, గుడ్డలో పిండి, బెల్లం లేకుండా ముందు అయిదారు నిమిషాలు ఒట్టిగా వేయించండి. జనవరిలో హీటర్ వేసిన ఇంట్లో గాలి బాగా ఎండిపోయి ఉంటుంది, అంచులు అయిదు నిమిషాల్లో బీటలిస్తాయి. కాబట్టి ఒత్తిన పూరీలు పేర్చుకోకుండా, ఒత్తినది ఒత్తినట్టే నింపేయాలి. కరెంటు కాయిల్ పొయ్యి అయితే సెగ తగ్గించినా నూనె ఇంకాసేపు కాగుతూనే ఉంటుంది, 145 దగ్గరే తగ్గించండి.

చివర్లో పిండి మిగిలితే పొడితో నింపడానికి ప్రయత్నించకండి. కోసిన అంచుల పిండిని మళ్ళీ కలిపి ఒత్తితే బిరుసుగా వస్తుంది, అతకదు. దానితో గవ్వలు చేయండి. శనగగింజంత ఉండని గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి దొర్లిస్తే చాలు, అదే నూనెలో వేగుతాయి. పిల్లలు పొద్దున్నుంచీ చేస్తామని అడుగుతున్న పని అది. పొడి మిగిలితే సీసాలో పోసి ఉంచండి, కనుమ వెళ్ళాక బొబ్బట్ల పెనం మీద రెండు చపాతీల మధ్య పెట్టి నెయ్యితో కాల్చుకోవచ్చు.